ఆవిరి పట్టిన కిటికీ

పోయిన వారం మనం యూరిమ్‌ని ఫోను చెవికి ఆనించుకుని, నోట మాట పడిపోయి నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, వారమంతా అలాగే నిలబెట్టాం. ఇక కూర్చోబెడదాం.

కొత్తగా కథలోకి ఎక్కిన వాళ్ళ కోసం జరిగింది రెండు ముక్కల్లో చెబుతాను. కొరియా రాజధాని సోల్ నగరంలో, చుంగ్‌మురో వీధిలో, ఒక ప్రింటింగ్ ప్రెస్సు పై అంతస్తులో, రాబోయే సినిమాలకు వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న కంపెనీ ఉంది. సైటు ఎలా ఉండాలో ఆలోచించడం, అందులో మాటలు రాయడం టాక్ యూరిమ్ ఉద్యోగం. డెబ్బైల నాటి బస్సు కండక్టరు అమ్మాయిల కథతో ‘తెల్లవారు బస్సు’ అనే సినిమా రాబోతోంది. దాని కోసం యూరిమ్ పాత సామాన్ల సంతకు వెళ్ళి, మూతపడిపోయిన ఏదో ఫోటో స్టూడియో తాలూకు పెట్టెలోంచి ఒక ఫోటో ఏరుకొచ్చింది. తల మీద టోపీ, మెడలో చిల్లర సంచీ, నవ్వబోయి ఆగిపోయిన పెదాలు, పద్దెనిమిదేళ్ళకు మించని పిల్ల. ఆ ఫోటోని సైటు గుమ్మంలో నిలబెట్టి, కింద ‘ఈ అమ్మాయిని ఎక్కడైనా చూశారా?’ అని ఒక్క ముక్క రాసింది.

అంతే, జనం సైటు మీద పడ్డారు. మెట్రో స్టేషన్లలో ఊరికే పంచే పేపర్లలోకి కూడా ఆ ఫోటో ఎక్కింది. పెట్టెలో దొరికిన ఫోటో కాబట్టి అందులో మనిషి కూడా ఎక్కడో పెట్టెలోనే ఉండిపోయి ఉంటుందని యూరిమ్ అనుకుందో ఏమో! ఆ పిల్లకి వయసు వచ్చి ఉంటుందనీ, ఇల్లూ వాకిలీ ఉంటాయనీ ఆమెకు తట్టనే లేదు. అందుకే ఫోనులో ఒక ఆడగొంతు “అందులో ఉన్నది నేనే. రేపు మధ్యాహ్నం వస్తాను” అనగానే అలా నిలబడిపోయింది.

ఆ మధ్యాహ్నం ఇదే.

తలుపు దగ్గర నిలబడ్డావిడకి నలభై ఎనిమిదేళ్ళుంటాయి. జుట్టు పొట్టిగా కత్తిరించి రింగులు తిప్పించుకుంది. చేతిలో గుడ్డలో మూటకట్టిన డబ్బాలు. కంప్యూటరు ముందు కూర్చుని సైటులోని బొమ్మలన్నిటికీ ప్రాణం పోసే తేసోక్, స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండానే, “అక్కడ బల్ల మీద పెట్టేయండి. గిన్నెలు సాయంత్రం తీసుకెళ్తారా?” అన్నాడు.

“గిన్నెలు మీరే ఉంచుకోండి బాబూ” అందావిడ. “నేను భోజనం తెచ్చినదాన్ని కాదు. భోజనం కూడా తెచ్చాను, అది వేరే సంగతి.”

యూరిమ్ గబగబా లేచి ఎదురువెళ్ళింది. ఆవిడ మొహంలోకి చూసింది. మరో పరీక్ష అక్కర్లేదు. కళ్ళ కింద ముడతలు వచ్చాయి, బుగ్గలు నిండాయి, కానీ నవ్వబోయి ఆగిపోయే ఆ పెదాలు మాత్రం అవే.

ఆవిడ పేరు యమ్ బోక్‌నిమ్. మాంగ్‌వన్ మార్కెట్లో కూరలూ నంజుళ్ళూ చేసి అమ్మే చిన్న కొట్టు ఉంది. డబ్బాల్లో సోయా రసంలో ఊరేసిన ఆకులు, నువ్వులు చల్లిన వేపుడు. దెబ్బలాటకు వస్తూ కూడా వట్టి చేతులతో రావడం తెలియని మనిషి.

కంపెనీ యజమాని ప్యో గారు ఆవిణ్ణి చూడగానే పెళ్ళివారిని చూసినట్టు రెండు చేతులూ చాచి వచ్చారు. ప్యో గారు చెడ్డవారేం కాదు. సినిమా విడుదల దగ్గరపడితే మాత్రం ఆయనకు లోకమంతా పోస్టరు లాగే కనిపిస్తుంది. సొంత చేత్తో పొడికాఫీ కలిపి ఇచ్చి, ఎదురుగా కూర్చున్నారు.

“అమ్మగారూ, మీరు దేవత. మీ కోసం దేశమంతా వెతుకుతోంది తెలుసా? మొదటి ఆట ముందు తారలంతా వేదిక మీదికొచ్చి జనానికి దణ్ణం పెడతారు. వాళ్ళ మధ్యలో మీరు! హీరోయిన్ మీకు పూలగుత్తి ఇస్తుంది. హాలు హాలంతా లేచి చప్పట్లు కొడుతుంది.”

“పూలు నేనేం చేసుకుంటాను బాబూ? నేను అమ్మేది కూరలు.”

“భలేవారే! అది గౌరవం అమ్మా.”

“నాకు గౌరవం వద్దు. ఆ ఫోటో తీసేయించండి. ఇవాళే.”

ప్యో గారి నవ్వు కొంచెం పక్కకి జరిగింది. “ఎందుకమ్మా? బంగారంలాంటి ఫోటో. ఇన్నేళ్ళయింది, మిమ్మల్ని చూసి ఎవరు గుర్తుపడతారు?”

“ఈ అమ్మాయి గుర్తుపట్టింది కదా” అని యూరిమ్‌ని చూపించింది బోక్‌నిమ్. “గుమ్మంలోనే.”

ప్యో గారు యూరిమ్ వైపు కొరకొర చూసి, “నువ్వు మాట్లాడు, ఆడవాళ్ళూ ఆడవాళ్ళూ” అని లేచి, ఫోను తీసుకుంటూ బయటికి వెళ్ళారు. ఆయన వెళ్ళిన తీరు యూరిమ్‌కి నచ్చలేదు. ఒప్పుకున్నవాళ్ళు అలా చకచకా నడవరు.

చిన్న గదిలో ఇద్దరే మిగిలారు. గదిలో ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు, గోడ నిండా పాత సినిమాల పోస్టర్లు. యూరిమ్ చేతులు ఒళ్ళో పెట్టుకుని తల వంచింది.

“క్షమించండమ్మా. మిమ్మల్ని అడక్కుండా పెట్టాను. అడగాలని కూడా తోచలేదు. తప్పు నాదే.”

“అడక్కుండా పెట్టడం నీతో మొదలు కాలేదులే” అంది బోక్‌నిమ్. “సెలవు రోజున కండక్టరు పిల్లలం అందరం ఊళ్ళో అమ్మానాన్నలకి పంపడానికి ఫోటో తీయించుకునేవాళ్ళం. ఆ స్టూడియో ఆయన నాది ఇంకోటి తీసి, పెద్దది చేసి అద్దాల బీరువాలో వీధిలోకి పెట్టాడు. బావుందట! నేను సిగ్గుతో చచ్చి ఆ సందులోకి వెళ్ళడమే మానేశాను. చుట్టూ తిరిగి డిపోకి నడిచేదాన్ని. ఇప్పుడు నువ్వు ఏకంగా దేశం వీధిలో పెట్టావు. ఎటు చుట్టూ తిరగమంటావు?”

కోపంగా అనలేదు. అందుకే యూరిమ్‌కి మరీ గుచ్చుకుంది.

“ఆ పని చేసినందుకు సిగ్గా అమ్మా?” అని మెల్లగా అడిగింది.

“పని చేసినందుకు సిగ్గేంటి? ఆ జీతంతోనే మా తమ్ముళ్ళిద్దరూ చదువుకున్నారు.” బోక్‌నిమ్ కాఫీ కప్పు అంచు చుట్టూ వేలు తిప్పింది. “సిగ్గు తర్వాత చెప్పిన అబద్ధానికి.”

ఇక ఆవిడ చెప్పింది. పెళ్ళి కుదిర్చిన మధ్యవర్తి మగపెళ్ళివారికి పిల్ల హైస్కూలు చదివిందని చెప్పింది. ఏ స్కూలూ అని వాళ్ళు అడిగితే ఆ మధ్యవర్తి నోరు తెరిచేలోగా బోక్‌నిమ్ నోటి వెంట ‘ఉన్‌సోల్ గర్ల్స్ హైస్కూలు’ అని వచ్చేసింది. కొండ మీద ఉండేది ఆ స్కూలు. తెల్ల కాలర్ల ఆడపిల్లలు రోజూ పొద్దున్న ఆవిడ బస్సులోనే ఎక్కేవాళ్ళు. తలుపు మూసుకోక ఆవిడ కమ్మీలకు వేలాడుతూ వాళ్ళని లోపలికి నెట్టేది. వాళ్ళు లోపల తమ స్కూలు పాట పాడుకునేవాళ్ళు. వినీ వినీ ఆవిడకి మొదటి నుంచి చివరి దాకా వచ్చేసింది.

“ఆ పాట పాడితే ఎవరు నమ్మరు తల్లీ? మా అత్తగారు కూడా నమ్మింది. సరే, పెళ్ళి అయిపోయింది, ఆ సంగతి అక్కడితో పోతుందనుకున్నా. మా హ్యోజు బడిలో చేరింది. టీచరు క్లాసులో ‘ఎవరెవరి అమ్మలు హైస్కూలు చదివారో చేతులెత్తండి’ అందట.”

యూరిమ్‌కి తెలుసు. ఆమె బడిలోనూ అడిగేవాళ్ళు. ఎవరింట్లో పియానో ఉంది, ఎవరింట్లో ఫ్రిజ్ ఉంది, ఎవరి అమ్మ ఎంత చదివింది, అన్నిటికీ చేతులెత్తించేవాళ్ళు.

“ఇంటికొచ్చి చెప్పింది. ‘అమ్మా, నేను చెయ్యెత్తాను! క్లాసులో కొద్దిమందే ఎత్తారు’ అని గంతులేసింది. ఎత్తిన చెయ్యి దించమని ఎలా చెప్పను? అప్పట్నుంచి ఇరవై ఏళ్ళుగా దాని చెయ్యి అలాగే పైకి ఉంది. నేను దించలేదు.”

బోక్‌నిమ్ ముక్కు ఎగబీల్చింది. యూరిమ్ కాగితపు రుమాళ్ళ డబ్బా జరిపింది. ఆవిడ ఒకటి తీసి కళ్ళు తుడుచుకోకుండా బల్ల మీద ఒలికిన కాఫీ చుక్క తుడిచింది.

“ఈ ఆదివారం దాని పెళ్ళి మాటలకి రెండు కుటుంబాలూ కలిసి భోంచేస్తున్నాం. అబ్బాయి మంచివాడు. వాళ్ళమ్మ...” అని ఆగి, నవ్వాలో ఏడవాలో తెలియనట్టు చూసింది. “వాళ్ళమ్మ ఉన్‌సోల్ గర్ల్స్ హైస్కూల్లో చదివిందట. నిజంగా. నా ఈడుదే. ‘మీ అమ్మగారిది ఏ బ్యాచ్?’ అని హ్యోజుని అడిగిందట సరదాగా.”

యూరిమ్ చేతులు నోటి మీదికి వెళ్ళాయి.

“నవ్వొస్తే నవ్వు తల్లీ. నాకూ ఒక్కోసారి నవ్వే వస్తోంది. అక్కడ ఏదో మాట దాటేస్తాను, జ్వరమొచ్చిందంటాను, ఎలాగో గట్టెక్కుతాను. కానీ ఈ ఫోటో ఉంటే? ఆవిడ రోజూ ఎక్కిన బస్సులో నేను నిలబడ్డాను. నా మొహం చూసి చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది. రేపు నా కూతుర్ని చూసి వాళ్ళింట్లో ఎవరైనా పెదవి విరిస్తే, అది నా వల్ల. నన్నేమన్నా పడతాను. దాన్ని అంటే నేను బతకలేను.”

మాట అయిపోయింది. యూరిమ్ కుర్చీ కంప్యూటరు వైపు తిప్పింది. సైటు లోపలి తాళాలన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి. ప్యో గారు అరుస్తారు, నిర్మాత అరుస్తాడు, బహుశా ఉద్యోగం కూడా పోతుంది. పోతే పోనీ అనుకుంది. నిజం చెప్పొద్దూ, అలా అనుకున్నందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

“తీసేస్తున్నానమ్మా. మీ కళ్ళ ముందే.”

“ఉండు” అంది బోక్‌నిమ్. కుర్చీ దగ్గరికి లాక్కుంది. “తీసేముందు ఒక్కసారి చూపించు. పేపర్లో మసిగుడ్డలా పడింది. ఎలా ఉన్నానో చూసుకుంటాను.”

యూరిమ్ సైటు తెరిచింది. చీకట్లో రెండు దీపాలు వెలిగాయి. మంచులోంచి పాత బస్సు వచ్చి ఆగింది. మెట్టు మీద ఫోటోలోని పిల్ల. క్లిక్ చేయగానే బండి పోనివ్వమని “ఓరాయ్!” అన్న కేక, బస్సు పక్క మీద రెండు చరుపులు, బండి కదిలింది.

బోక్‌నిమ్ ఒక్కసారి ఉలిక్కిపడి, తర్వాత పకపకా నవ్వింది. “ఓసినీ! కదిలింది! ఆ గొంతు నాది కాదు, మరీ ముద్దుగా ఉంది. మాకు మధ్యాహ్నానికే బొంగురుపోయేది.” నవ్వుతూనే స్క్రీన్ మీది పిల్ల టోపీ అంచుని వేలితో తడిమింది. “ఎంత సన్నగా ఉన్నాను! ఎవరైనా ఇంత అన్నం పెట్టాల్సింది దీనికి.”

బస్సు లోపల సీట్లు కనిపించాయి. యూరిమ్ వివరించింది. వచ్చినవాళ్ళు ఏదో ఒక సీటు ఎంచుకుని కూర్చోవచ్చు. పక్కన కిటికీ అద్దానికి ఆవిరి పట్టి ఉంటుంది. దాని మీద మౌస్‌తో వేలితో రాసినట్టు రాయొచ్చు. చెయ్యి తిరగనివాళ్ళు టైపు చేసినా అది వేలిరాతలాగే పడుతుంది. కాసేపటికి అద్దం అవతలి నుంచి కండక్టరు అమ్మాయి జవాబు రాస్తుంది. ఆ కిటికీ ఆ సీటులో ఉన్నవాళ్ళకూ ఆ అమ్మాయికీ తప్ప ఇంకెవరికీ కనిపించదు.

“అమ్మాయి అంటే?”

యూరిమ్ చెవులు ఎర్రబడ్డాయి. “నేనే అమ్మా. మీ బదులు నేనే రాస్తున్నాను.”

“నా బదులా! ఏం రాస్తున్నావు? బూతులేం రాయడం లేదు కదా? నన్ను చులకన చేసి ఎవరూ ఏమీ అనలేదు కదా?”

“ఒక్కరూ అనలేదు. చూడండి, కావాలంటే.” ఆవిడ మనసు కుదుటపడాలనే యూరిమ్ తనకు అన్నిటికన్నా ఇష్టమైన కిటికీ తెరిచింది. ‘కిటికీ సీటు’ అని పేరు పెట్టుకున్న ఒకామె. సైటు మొదలైన రెండో రోజు నుంచీ రోజూ భోజనాల వేళ వచ్చి కూర్చుంటుంది.

బోక్‌నిమ్ కళ్ళజోడు సర్దుకుని, బడిపిల్లలా పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెట్టింది.

‘అక్కా, ఇవాళ వాన. అందర్నీ లోపలికి నెట్టి నువ్వు తలుపుకి వేలాడితే తడిసిపోవూ?’

“తడవకేం, కుక్కపిల్లలా తడిసేదాన్ని” అని జవాబిచ్చింది బోక్‌నిమ్ స్క్రీన్‌కి. ఆవిడకి బాగా నచ్చింది. “మంచి పిల్లలా ఉంది.”

‘అక్కా, నీ చెవులు నా చెవుల్లాగే కొంచెం బయటికి ఉన్నాయి. టోపీ పెట్టుకుంటే ఇంకా కనిపిస్తాయి. నేను జుట్టుతో కప్పేస్తుంటాను. ఇక కప్పను.’

బోక్‌నిమ్ చెయ్యి ఊరికే చెవి దగ్గరికి వెళ్ళింది. తర్వాతిది చదివింది.

‘అక్కా, మా అమ్మ బస్సెక్కితే కూర్చోదు. ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నా తలుపు పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడుతుంది. ఎవరైనా దిగుతుంటే చెయ్యి అడ్డం పెడుతుంది, పడిపోకుండా. నాకు చిన్నప్పుడు సిగ్గేసి విసుక్కునేదాన్ని. ఎందుకు నిలబడుతుందో నాకు ఇప్పుడు తెలిసింది.’

బోక్‌నిమ్ ఆ నాలుగు ముక్కలూ మళ్ళీ చదివింది. మూడోసారి చదవబోతే కళ్ళు కనిపించలేదు.

“నేను కూర్చోను” అంది. “బస్సులో నేను కూర్చోను తల్లీ.”

యూరిమ్‌కి అప్పటికి వెలిగింది. ఇన్నాళ్ళుగా తను ఎవరో ముచ్చటైన ప్రేక్షకురాలికి జవాబులు రాస్తున్నాననుకుంది. రాసింది ఒక కూతురికి, ఆమె తల్లి పేరున.

“దీనికి తెలుసు” అంది బోక్‌నిమ్. “రెండో రోజు నుంచీ తెలుసు. రోజూ రాత్రి నా ఎదురుగా కూర్చుని అన్నం తింటోంది. చేపకి ముల్లు తీసి ముక్క నా గిన్నెలో పెడుతోంది. ఒక్క ముక్క అనలేదు, దొంగపిల్ల! దొంగపిల్ల!” తిడుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. ఇరవై ఏళ్ళుగా గుండెల మీద మోసిన బండని కూతురు ఎప్పుడో చూసేసిందనీ, చూసి కూడా పక్కన కూర్చుని అన్నం తింటోందనీ తెలిస్తే ఏ తల్లయినా అంతేగా చేస్తుంది. యూరిమ్ ఆవిడ వీపు మీద చెయ్యి వేసింది. ఆవిడ వద్దనలేదు.

“నువ్వేం రాశావు దానికి?” అని కాసేపటికి అడిగింది బోక్‌నిమ్. “నా బదులు.”

యూరిమ్ భయపడుతూనే చూపించింది. గుండ్రటి అక్షరాల్లో ఉంది: ‘మీ అమ్మని అడిగి చూడు. చెప్పాలని ఉండి చెప్పలేకపోతోందేమో.’

“ఊఁ” అంది బోక్‌నిమ్. “నాకన్నా నువ్వే నయం. నేనయితే ‘నీ పని నువ్వు చూసుకో’ అని రాసేదాన్ని.”

అంతలో తేసోక్ తలుపు కొంచెం తెరిచి తల దూర్చాడు. ఎప్పుడూ నిద్రమొహంగా ఉండే వాడి మొహం ఇప్పుడు పాలిపోయి ఉంది.

“యూరిమ్ గారూ, ప్యో గారు పేపరువాళ్ళకి ఫోన్లు చేశారు. ఫోటోలు తీసేవాళ్ళు కూడా వస్తున్నారు. ‘బస్సు పిల్ల దొరికింది’ అని. తీసుకురావడానికి కిందికి దిగారు.” బోక్‌నిమ్‌ని చూసి సగం వంగి దణ్ణం పెట్టాడు. “అమ్మా, గిన్నెల సంగతికి ఏమీ అనుకోకండి” అని తలుపు మూసేశాడు.

యూరిమ్ లేచింది. “అమ్మా, వెనక మెట్లున్నాయి, ప్రెస్సులోంచి వెళ్ళిపోవచ్చు. ఫోటో ఒక్క క్షణంలో తీసేస్తాను. పదండి.”

బోక్‌నిమ్ కదల్లేదు. స్క్రీన్ కేసి వేలు చూపించింది.

బస్సులో ఒక సీటు మీద చిన్న దీపం వెలిగింది. కిటికీ పక్క సీటు. భోజనాల వేళ అయింది. ఊరికి ఆ కొసన, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే హ్యోజు తన కంప్యూటరు ముందుకు వచ్చి కూర్చుంది.

ఆవిరి అద్దం మీద అక్షరాలు ఒక్కొక్కటే పడసాగాయి.

‘అక్కా, ఇవాళ నేనొక పని చేశాను. నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.’

‘నాకు అత్తగారు కాబోయే ఆవిడ పొద్దున్న మా క్లినిక్‌కి వచ్చింది. పేపర్లో నీ ఫోటో తెచ్చింది. ఈ అమ్మాయి నాకు తెలుసు అంది. ఈమె పేరు బోక్‌నిమ్ అంది. మీ అమ్మగారి పేరూ అదే కదా అంది.’

బోక్‌నిమ్ చెయ్యి యూరిమ్ మణికట్టు పట్టుకుంది. ఇన్నేళ్ళూ కూరలు తరిగిన చెయ్యి, నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది.

‘నేను కాదన్నాను. ఆ పేరు చాలామందికి ఉంటుందన్నాను. ఈమె ఎవరో నాకు తెలియదన్నాను.’

‘ఆవిడ చాలాసేపు కూర్చుంది. ఈమెను ఒక్కసారి కలవాలి, కలిసి ఒక మాట చెప్పాలి అంది. ఏ మాటో ఎంత అడిగినా చెప్పలేదు. ఆమెకే చెప్తానంది. మొహం చూస్తే మంచికో చెడ్డకో కూడా తెలియలేదు.’

‘అమ్మ దాచుకున్నదాన్ని కాపాడాలని అమ్మనే తెలియదన్నాను. తప్పు చేశానా అక్కా?’

అక్షరాలు ఆగిపోయాయి. అద్దానికి అవతల పసుపు దీపం సన్నగా ఊగుతోంది. మెట్ల మీద అడుగుల చప్పుడు, ప్యో గారి గొంతు, ఎవరివో నవ్వులు. యూరిమ్ పరిగెత్తి తలుపు గడియ వేసింది. వెనక్కి తిరిగేసరికి బోక్‌నిమ్ ఆమె కుర్చీలోకి జరిగి కూర్చుని ఉంది.

“దీన్ని ఎలా పట్టుకోవాలి?” అంది మౌస్‌ని చూపించి.

“అమ్మా, నేను రాస్తాను, మీరు చెప్పండి.”

“వద్దు. నా బదులు చాలా రాశావు. ఇది నేను రాస్తాను.”

యూరిమ్ ఆవిడ చేతి మీద తన చెయ్యి వేసి ఎలా కదపాలో చూపించి, తీసేసింది. ఆవిరి మీద మొదటి గీత వంకరగా పోయి అద్దం అంచు దాటింది. బోక్‌నిమ్ నాలుక కొరుక్కుని మళ్ళీ మొదలుపెట్టింది. అక్షరాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకదాని మీదికి ఒకటి ఒరిగి పడుతున్నాయి. యూరిమ్ రాసిన గుండ్రటి అక్షరాలకూ వీటికీ పోలికే లేదు.

తలుపు మీద దబదబా చప్పుడైంది. “యూరిమ్! తలుపు గడియ పడినట్టుంది, తియ్యి!” ప్యో గారు. గొంతు పెళ్ళికొడుకు గొంతులా ఉంది. యూరిమ్ తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

“ఆవిడ ఏం చెప్పడానికి వెతుకుతోందో మనకు తెలియదమ్మా” అంది గుసగుసగా. “ఆదివారం అందరి ముందూ ఏమైనా అనొచ్చు. ఒక్కసారి ఆలోచించుకోండి.”

“ఆలోచించాను” అంది బోక్‌నిమ్ తల తిప్పకుండా. “ఇరవై ఏళ్ళు అదే పని చేశాను.”

ఆవిడ రాయడం పూర్తిచేసి చెయ్యి వెనక్కి తీసుకుంది. అద్దం మీద, వంకరటింకరగా, రెండు వరుసలు ఉన్నాయి.

‘తప్పు నీది కాదు హ్యోజూ. చెయ్యి దించెయ్యమ్మా.

ఆవిడకి చెప్పు, బోక్‌నిమ్ మా అమ్మేనని.’

తలుపు అవతల ప్యో గారు భుజంతో నెడుతున్నారు. ఎవరో కెమెరా సరిచూసుకుంటున్నట్టు తలుపు కింది సందులోంచి తెల్లటి వెలుగు పడి ఆరింది. యూరిమ్ కాళ్ళు నేలకి తన్నిపెట్టి తలుపుకి అడ్డంగా నిలబడింది. బోక్‌నిమ్ మాత్రం రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఆ అద్దం వైపే చూస్తోంది. అవతలి సీటులో దీపం ఆరలేదు. ఒక్క అక్షరం కూడా పడలేదు. అప్పుడు ఆవిడ చేతిసంచీలో ఫోను మోగడం మొదలైంది.